మూడు గీతల పెట్టె

అక్క చేతులు మాత్రమే చూసినవాళ్ళెవరూ ఆమె వయసు సరిగ్గా చెప్పలేరు. మొహం చూస్తే నలభై అయిదు, నడుము చూస్తే యాభై అయిదు, చేతులు చూస్తే మాత్రం పాతికేళ్ళ పిల్ల. నత్తల షెడ్డులో చేరకముందు పదకొండేళ్ళు లాండ్రీలో బ్లీచింగు నీళ్ళల్లో నానిన చేతులవి. అప్పట్లో వేళ్ళ సందుల్లో పగుళ్ళు, పగుళ్ళల్లో నెత్తురు. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టాలంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. షెడ్డుకొచ్చిన ఏడాదికల్లా పగుళ్ళు పూడాయి, రెండో ఏడాదికి అరచేతులు వెన్నముద్దలయ్యాయి. అంతా జిగురు మహిమ అన్నారు. అందులో బ్లీచింగు మానేసిన మహిమ సగముందని ఒక్కరూ అనలేదు. మహిమలకి వాటాలు పంచే ఓపిక ఎవరికుంటుంది?

షెడ్డంటే పాత గోడౌనుకి కొత్త రేకులు కప్పిన చోటు. లోపల ఎప్పుడూ తడి, ఎప్పుడూ మసక. నత్తలకి ఎండ పడదు. మనుషులకి ఏది పడదో ఎవరూ అడగలేదు. వరసకి నలభై చొప్పున ఆరు వరసల ప్లాస్టిక్ పెట్టెలు, పెట్టెకి రెండొందల నత్తలు. వాటి ఒంటి మీది జిగురే కంపెనీ సరుకు. అది సీసాల్లో చేరి, సీసాలు అద్దాల తలుపుల షాపుల్లో చేరి, ఎండిపోయిన చర్మంలో తేమ నిలుపుతుందనీ, మంటపుట్టిన చర్మాన్ని మెత్తబరుస్తుందనీ పేరు తెచ్చుకుంది. ఆ పేరులో అబద్ధం లేదు. కాకపోతే షెడ్డు నించి సీసా దాకా చాలా దూరముంది. ఈ కథంతా ఆ దూరంలోనే జరిగింది.

జిగురు తీయడం వినడానికి చిన్న పనే. నత్తల్ని కడిగి, చిల్లులున్న జల్లి పళ్ళెంలో పరిచి, పైనించి పుల్లటి నీళ్ళు సన్నటి తుంపరలా చల్లుతారు. నత్తలకి అది కిట్టదు. ఒళ్ళంతా నురగలు నురగలుగా జిగురు వదులుతాయి. అది కింది గిన్నెలోకి దిగుతుంది. ఆపైన మూడు వడపోతలు, చెడిపోకుండా మందు, చల్లటి గది, పరీక్ష. అన్నీ అయ్యాకే సీసా. అయితే వీటన్నిటికంటే ముందు ఇంకొకటుంది. జిగురు తీసే పెట్టెకి మూడు రోజులు తిండి పెట్టకూడదు, నీళ్ళు మాత్రమే చల్లాలి. నత్త తిన్నచోటే విసర్జిస్తుంది, దానికి సిగ్గూ ఎగ్గూ లేవు. మూడు రోజులు పస్తుంటే కడుపు శుభ్రపడి జిగురులో మలం కలవదు. దీన్ని షెడ్డులో ఉపవాసం అంటారు. ఉపవాసం పెట్టెలు చూసుకోవడం అక్క పని. అందుకే అందరూ ఆమెని నత్తలత్త అనేవారు. కోడళ్ళని పస్తు పెట్టే అత్త అన్నమాట.

ఒక్కో పెట్టెకి బయట ఒక పలక వేలాడుతుంది. తిండి ఆపి ఒక రోజైతే సుద్దతో ఒక గీత, రెండు రోజులైతే రెండు, మూడైతే మూడు. మూడు గీతల పెట్టె జిగురు తీయడానికి సిద్ధం. మొదట్లో పలకలుండేవి కావు, కాగితం చీటీలు లోపల అంటించేవారు. ఉపవాసం రెండోరోజుకి నత్తలన్నీ పైకెక్కి ఆ చీటీల్ని కొరికేసేవి. మూడోరోజు చూస్తే తేదీ ఉండదు, చీటీయే ఉండదు. తాళాలు నడుముకి వేలాడేసుకు తిరిగే సూపర్‌వైజరు, అదే తాళాల సారు, తెగ నవ్వాడు. అక్క నవ్వలేదు. ఆమెకి చెల్లెలు గుర్తొచ్చింది. అమ్మ పోయిన ఏడాది, అయిదేళ్ళ పిల్ల, అక్క పని నించి వచ్చేసరికి మూల కూర్చుని నోట్‌బుక్కు అట్ట నములుతూ కనపడింది. అడిగితే ఆకలి అనలేదు, ఊరికే అంది.

అదిగో, అక్కడ మొదలైంది జబ్బు. రెండోరోజు మధ్యాహ్నం తాళాల సారు టీకి వెళ్ళగానే అక్క ఉపవాసం పెట్టెల్లో చారెడేసి కీరా ముక్కలు పడేసేది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, కంపెనీ కీరా కంపెనీ నత్తలకే పెట్టి పుణ్యం మూటగట్టుకునేది. అన్ని పెట్టెలకీ కాదు. ఏ పెట్టె ముందు నిలబడితే జాలేసిందో దానికే. సాయంత్రానికి తొక్కలు ఏరేసి, పలక మీద మాత్రం లెక్కప్రకారం గీత గీసేది. ఎలాగూ మూడు వడపోతలున్నాయిగా అనుకునేది. రెండేళ్ళలో ఒక్క పరీక్ష తప్పలేదు, ఒక్క సీసా తిరిగి రాలేదు. జిగురు తీసే ఆమెని షెడ్డంతా జల్లి వదిన అనేది. పళ్ళెంలో నల్లటి మలం పోగులు కనపడినప్పుడు ఆవిడే అంది ఓసారి:

"మీ భక్తులు ఉపవాసమని చెప్పి ఫలహారాలు గట్టిగానే లాగిస్తున్నట్టున్నారే, నత్తలత్తా!"

అక్క నవ్వి ఊరుకుంది. ఆవిడా కడిగేసి ఊరుకుంది. నోరులేని జీవాలకి ఇంత ముద్ద పెట్టినందుకు ఎవరి కొంపా మునగదని ఇద్దరికీ నమ్మకం.

చెల్లెలు అక్క కంటే పద్దెనిమిదేళ్ళు చిన్న. అక్కకి తనకంటూ ఒక సంసారం పుట్టలేదు. పుట్టే తీరికే ఇవ్వలేదీ పిల్ల. ఇద్దరూ ఒకే గదిలో, వంటగట్టు పక్కన ఒక మంచం, గోడవారగా ఒక చాపతో కాలం గడుపుతున్నారు. చెల్లెలు అద్దాల షాపులో కౌంటరు దగ్గర నిలబడి అందం సరుకులు అమ్ముతుంది, అందులో ఈ నత్త సీసాలూ ఉన్నాయి. అక్క తీయించింది చెల్లెలు అమ్ముతుందని ఇద్దరూ నవ్వుకునేవారు. అమ్మడంలో ఆ పిల్లకి ఒక నిజాయితీ ఉండేది. కొనేవాళ్ళు ఆమెని నమ్మేది అందుకే.

"ముఖం కడుక్కున్నాక తడి పూర్తిగా ఆరకముందే రెండు చుక్కలండీ. రుద్దకండి, అద్దండి. పైన మీ మామూలు క్రీము. పగలైతే సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు. మొదట చెవి వెనకాల రాసి ఒకరోజు చూడండి. రొయ్యలు పడనివాళ్ళూ, దుమ్ము పడనివాళ్ళూ అయితే ఇంకా జాగ్రత్త. తేమ బాగా నిలుస్తుంది, మొటిమల మచ్చ కాస్త పల్చబడితే పడొచ్చు. పదేళ్ళ వయసు తగ్గుతుందని మాత్రం నేను చెప్పను. ఆ, తెగినచోటా కాలినచోటా రాయకూడదు."

ఈ ఆఖరి మాట రోజుకి పదిసార్లయినా అనేది. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేది.

ఆ షాపులో ముఖానికి ఆవిరి పట్టే మిషను ఒకటుంది. కొత్తగా వచ్చిన కొనుగోలుదారుకి అది చూపించబోయి చెల్లెలు ముందుకి వంగింది. లోపల నీళ్ళు ఎక్కువ పోశారో, గొట్టం పూడుకుందో, ఆవిరికి బదులు సలసల కాగే నీళ్ళు ఎగజిమ్మాయి. ఎడమ చెంప, కంటి కింద నించి దవడ దాకా కాలిపోయింది. కన్ను రెప్పపాటులో మూసుకుంది కాబట్టి దక్కింది.

కాలిన గాయాలు చూసే డాక్టరమ్మ కట్టు కట్టి, ఒక ట్యూబు రాసిచ్చి గట్టిగా చెప్పింది.

"అదృష్టవంతురాలివి. లోతుగా కాలలేదు, నెలలో మానుతుంది. కాస్త రంగు తేడా ఉంటుందేమో, అదీ పోతుంది. ఈ ట్యూబు తప్ప ఇంకేదీ దగ్గరికి రానివ్వకండి. తేనె, పేస్టు, పక్కింటివాళ్ళ సలహా, ఏదీ వద్దు."

పదిరోజులకి అంచులన్నీ గులాబీరంగు తేలి మానాయి. కంటి కింద రూపాయంత చోటు మాత్రం పచ్చిగా, తడిగా మిగిలింది. ఇంకో పది పదిహేను రోజులు ఓపిక పడితే సరిపోయేది. ఓపిక పట్టనివ్వనిది షాపు మేడమ్ ఫోను. ఆవిడ మాట కటువుగా అనలేదు పాపం, చాలా తియ్యగానే అంది.

"ఒకటో తారీఖున కొత్త సరుకు వస్తోందమ్మా. కౌంటర్లో మొహమే కదా మన బోర్డు. అప్పటికి నీది బాగైతే సరే, లేదంటే ఇంకో అమ్మాయిని చూసుకుంటాను. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోవద్దంటే మనిషి మరేం చేస్తుంది? తారీఖుకి తొమ్మిది రోజులుంది. ఆ సాయంత్రం అక్క చెప్పులు విప్పకముందే చెల్లెలు మొదలెట్టింది.

"అక్కా, కాస్త జిగురు తెచ్చిపెట్టవే."

"ఏం జిగురు?"

"నాటకాలాడకు. వడపోతకి ముందుది. పచ్చిది."

"కాలినచోట రాయొద్దని ఊరందరికీ చెప్పేది నువ్వేగా!"

"అది సీసాలోదాని గురించి. అందులో మందులు కలుపుతారు, సెంటు కలుపుతారు, మండుతుందని అలా చెప్పమంటారు. మీ దగ్గరున్నది అసలుది. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారే, మన బతుకు అలాగే ఉంది. డ్రమ్ములకి డ్రమ్ములు నీ చేతికింద పెట్టుకుని, నేను ఈ ట్యూబు పూసుకు కూర్చోవాలా? నీ చేతులు చూసుకో ఒక్కసారి. ఎలా ఉండేవి, ఎలా అయ్యాయి?"

అక్క చూసుకుంది. చేతికి తోలుంది, చెంప మీద ఆ రూపాయంత చోట తోలు లేదు. ఆ తేడా ఇద్దరికీ తట్టలేదు. ఒకరు రోజూ అమ్మేవాళ్ళు, ఒకరు రోజూ తీయించేవాళ్ళు. మాకు తెలియనిదా అన్న ధీమా ఇద్దరికీ ఉంది. ఏమీ తెలియనివాళ్ళయితే భయపడి డాక్టరమ్మనే అడిగి ఉండేవాళ్ళు.

అయినా అక్క మూడు రోజులు ఒప్పుకోలేదు. షెడ్డులోంచి చుక్క బయటికి పోయినా ఉద్యోగం ఊడుతుంది, అదొక భయం. చెల్లెలు అద్దాన్ని గోడవైపు తిప్పిపెట్టింది. మాట తగ్గించింది, తిండి తగ్గించింది. పెట్టింది పెట్టినట్టే పళ్ళెంలో వదిలేస్తుంటే అక్క ప్రాణం ఉసూరుమంది. ఈ పిల్ల తినకపోతే మటుకు అక్క తట్టుకోలేదు. నాలుగోరోజు పొద్దున్నే చిన్న గాజు సీసా, మూతతో సహా, ఇరవై నిమిషాలు నీళ్ళల్లో మరగబెట్టి, ఉతికిన గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళింది. అంత జాగ్రత్త మనిషి.

షెడ్డులో పలకలు చూసుకుంటూ వరస చివరిదాకా నడిచింది. ఒక గీత, రెండు గీతలు, ఒక గీత. చివరి పెట్టె మీద మూడు గీతలు తెల్లగా, నిటారుగా ఉన్నాయి. ఇదే శుభ్రమైనది, అనుకుంది. ఆ పెట్టె తీసుకెళ్ళి జల్లి వదిన ముందు పెట్టింది.

"ముందు దీన్నే తీయి వదినా. పళ్ళెం ఇంకోసారి కడుగు. ఒక గరిటెడు నాకు కావాలి."

"ఎవరికి?"

"చెల్లికి. చెంపకి."

వదిన చెయ్యి ఆగింది. "వడకట్టి ఇవ్వనా పోనీ?"

"వద్దంది. వడకడితే బలం పోతుందట."

పక్క వరసలో తాళాల చప్పుడు వినపడింది. వదిన గబుక్కున గరిటెడు సీసాలో పోసింది.

ఆ మూడు గీతలు గీసిందెవరు? అక్కే. రెండు రోజుల కిందట మధ్యాహ్నం ఆ చివరి పెట్టె ముందు నిలబడి, జాలేసి, కీరా ముక్కలు పడేసిందెవరు? అదీ అక్కే. మరి పలక చూసి ఎలా నమ్మింది? దానికి సమాధానం వెతికితే దొరకదు. రెండేళ్ళుగా గీసిన అబద్ధం గీసినామెకే నిజమైపోయింది, అంతే. పలక మీద మూడు గీతలుంటే మూడు రోజులైనట్టే. ఇన్ని వందల పెట్టెల్లో ఏ మధ్యాహ్నం దేనికి పెట్టిందో ఆమెకి గుర్తుండటం ఎప్పుడో మానేసింది. అలవాటైన తప్పు కంటికి ఆనదు.

రాసిన మొదటి పూట చల్లగా ఉందంది చెల్లెలు. గాయం మీద మెరుపు వచ్చింది, మంట తగ్గింది. రెండు వారాల తర్వాత మొదటిసారి నవ్వింది కూడా, నోటికి ఒకవైపు. ఆ రాత్రి పళ్ళెం ఖాళీ చేసింది. అక్క పొంగిపోయింది. మర్నాడు చెల్లెలు మూడుసార్లు రాసుకుంది. ఆ మర్నాడు చెంప కాస్త వేడిగా, బిగువుగా ఉంది.

"వాచినట్టుందే, ఆపేద్దామా?" అంది అక్క.

"ఏం కాదు. కొత్తగా ఏది రాసినా మొదట లోపలి చెడంతా బయటికొస్తుంది, తర్వాత తగ్గిపోతుంది. కౌంటర్లో ఎంతమందికి చెప్పాననీ."

మొటిమలకి చెప్పే మాట కాలిన గాయానికి చెప్పుకుంది. చెప్పుకుని ఇంకో రోజంతా రాసింది. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి ఆ రోజు ఒక లెక్కలోది కాదు. ఇక్కడ మాత్రం అంతా ఆ రోజే జరిగిపోయింది. తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది, చెంప బూరెలా ఉబ్బి కన్ను మూసుకుపోయింది, గాయం లోంచి పచ్చటి చీము కారుతోంది. అక్క ఆమెని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

డాక్టరమ్మ చూసీ చూడగానే మొహం గంటు పెట్టుకుంది.

"ఏం రాశారు?"

"ఏం రాయలేదండీ. మీరిచ్చిన ట్యూబే," అంది చెల్లెలు, అంత జ్వరంలోనూ తడబడకుండా. దుప్పటి కింద అక్క చెయ్యి గట్టిగా నొక్కింది. చెప్పావంటే నీ ఉద్యోగం పోతుంది అని ఆ నొక్కుడికి అర్థం. అక్కకి అర్థమైంది. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయింది.

మామూలుగా ఇలాంటి గాయాలకిచ్చే మందే ఎక్కించారు. ఆ రోజు గడిచింది, రాత్రి గడిచింది. తగ్గలేదు. మర్నాడు మధ్యాహ్నానికి వాపు నుదుటిదాకా పాకింది, చెల్లెలు పొంతన లేకుండా మాట్లాడటం మొదలెట్టింది. తడి ఆరకముందే రెండు చుక్కలండీ, అద్దండి, అంటోంది గోడతో. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీ అనుకుంది అక్క. వరండాలో డాక్టరమ్మకి అడ్డంపడి అంతా చెప్పేసింది.

డాక్టరమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "నిన్న ఇదే ఎందుకు చెప్పలేదమ్మా? ఒక రోజు పోయింది. పరీక్షకి పంపిన చీములో పేగుల్లో ఉండే క్రిములు వచ్చాయి, మలం తగిలిన పుండులా ఉంది, ఇది మొహం మీదికి ఎలా వచ్చిందా అని తల బద్దలుకొట్టుకుంటున్నాను."

"మలం తగిలే వీల్లేదండీ. అవి ఉపవాసం ఉన్నవి. మూడు రోజులు తిండి పెట్టం. పలక మీద నేనే స్వయంగా..."

అక్కడ మాట ఆగిపోయింది. వరండాలో మనుషులు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. డాక్టరమ్మ ఏదో చెబుతూనే ఉంది. ఉపవాసమున్నా లేకపోయినా పచ్చిది పచ్చిదే, పుండు మీద పెట్టకూడదు, అని కూడా అంది. అది అక్క చెవిని చేరలేదు. ఆమెకి చివరి పెట్టె కనపడుతోంది, అందులో కీరా ముక్క చుట్టూ మూగిన నత్తలు కనపడుతున్నాయి, ఆనాడు వాటిని చూసి తను పడ్డ తృప్తి కనపడుతోంది. గోడ పట్టుకుని కింద కూర్చుంది.

మందు మార్చారు. కంటి కింద కుళ్ళిన చోటంతా కోసి తీసేశారు. పంతొమ్మిది రోజుల తర్వాత ప్రాణంతో, చూపుతో పంపించారు. చెంప మీద గుంట పడింది. గుంట మానుతూ మానుతూ చర్మాన్ని కిందికి లాగింది, దాంతో కింది రెప్ప వేలాడిపోయి ఎడమకన్ను మూతపడటం మానేసింది. ఏడాది పోయాక ఆపరేషను చేసి చూద్దామన్నారు, చేస్తామని అనలేదు. అప్పటిదాకా కన్ను ఎండిపోకుండా రోజుకి ఆరుసార్లు చుక్కలు వేయాలి.

షాపు మేడమ్ ఒకటో తారీఖునే ఇంకో అమ్మాయిని పెట్టుకుంది. మరీ రాతి గుండె కాదు కాబట్టి, వెనకగదిలో డబ్బాలు సర్దే పని చెల్లెలికిచ్చింది. కిటికీ లేని గది. కొనేవాళ్ళకి కనపడకుండా వెనక సందులోంచి రావాలి, వెనక సందులోంచి పోవాలి.

షెడ్డులో ఏమీ మారలేదు. ఆ పెట్టె జిగురు మూడు వడపోతలు దాటి, మందు కలిసి, పరీక్ష నెగ్గి, సీసాలకెక్కింది. రాసుకున్నవాళ్ళ చర్మాలు మెత్తబడే ఉంటాయి. అక్క ఉద్యోగానికీ ఏమీ కాలేదు. డాక్టరమ్మ ఎవరికీ చెప్పలేదు, జల్లి వదిన అసలే చెప్పలేదు. అక్క మాత్రం కీరా వేయడం మానేసింది. రెండోరోజు పెట్టెల్లోంచి వచ్చే సన్నటి గీకుడు చప్పుడు వినపడకుండా తలకి గుడ్డ గట్టిగా బిగించుకునేది. నా బిడ్డలాంటి దాన్ని నేనే కాల్చుకు తిన్నాను అని పని చేసినంతసేపూ లోపల్లోపల అనుకునేది. మనసు చల్లారేది కాదు.

విచిత్రమేమిటంటే చెల్లెలు నెమ్మదిగా తేరుకుంది. మొదటి నెల గోడకేసి తిరిగి ఏడ్చింది. రెండో నెల అద్దం తిప్పింది. మూడో నెలకి తన మీద తనే జోకులు వేసుకోసాగింది.

"రోజుకి పదిసార్లు ఊరందరికీ చెప్పి, నా మాట నేనే వినలేదు చూడు. చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువంటారు. నాకు నేనే లోకువైపోయాను. నువ్వు వద్దంటున్నా అన్నం మానేసి మరీ తెప్పించుకున్నాను. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత, నువ్వేం బాధపడకు అక్కా."

ఈ మాట అన్నప్పుడల్లా అక్కకి గుండెలో ముల్లు దిగేది. తప్పంతా నాదే అని ఆ పిల్ల ఎంత తేలిగ్గా అంటే అక్కకి అంత బరువయ్యేది. ఎన్ని రోజులని మింగుతుంది? ఒక సెలవురోజు మధ్యాహ్నం, ఇద్దరూ తిని కూర్చున్నారు. చెల్లెలు మళ్ళీ అదే మాట ఎత్తింది. అక్క ఇక ఆగలేకపోయింది.

"నీ తప్పు కాదే. నాది."

"తెచ్చినందుకా? నేనడిగితేనే కదా తెచ్చావు."

"తెచ్చినందుకు కాదు." అక్క నేల చూస్తూ మొత్తం చెప్పింది. కీరా ముక్కలు, చారెడు చారెడు, రెండేళ్ళు. తాళాల సారు టీ వేళ. పలక మీద గీతలు. చివరి పెట్టె. డాక్టరమ్మ చెప్పిన క్రిములు. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయింది, ఏడుస్తూ చెప్పింది, చెబుతుంటే నెలల తరబడి ఛాతీ మీద ఉన్న బండ కదులుతున్నట్టే అనిపించింది.

చెల్లెలు గోడకి జారగిలబడింది. ఆ మూతపడని కన్ను అక్కనే చూస్తున్నట్టుంది. రెండో కన్ను మూసుకుని ఉంది.

"డాక్టరుకి తెలుసా?"

"కీరా సంగతి తెలీదు. ఎవరికీ తెలీదు."

"మరి నాకెందుకు చెప్పావు?"

అక్క తలెత్తింది. తిడుతుందనుకుంది, కొడుతుందనుకుంది, లేదా తన కంటే పెద్ద మనసు చేసుకుని పోనీలే అంటుందనుకుంది. ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు.

"నువ్వు నీ తప్పు నీ తప్పు అని ఏడుస్తుంటే చూడలేక..."

"నేనెక్కడ ఏడుస్తున్నాను? ఏడవడం మానేసి రెండు నెలలైంది." చెల్లెలి గొంతు పెరగలేదు. "నా వల్లే అనుకున్నాను కాబట్టే సర్దుకున్నాను అక్కా. నా మీద నాకు కోపం వస్తే ఎక్కడికి పోతాను, నాతోనే నేను ఉండాలి కదా, ఎలాగోలా రాజీ పడ్డాను. నీకు బరువైందని దాన్ని దించి నా నెత్తిన పెట్టావు. ఇప్పుడు నీ మీద కోపం పెట్టుకుని, ఈ ఒక్క గదిలో, నువ్వు వండింది తింటూ, నీ పక్కన పడుకుంటూ నేనెలా బతకను? నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?"

క్షమించమందామంటే అక్కకి ఆ మాట నోటి దాకా వచ్చి సిగ్గేసి ఆగిపోయింది. క్షమాపణ అడగడమంటే ఆ పిల్లని ఇంకొకటి ఇమ్మని అడగడమే.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. చుక్కలు వేసే వేళైంది. అలవాటు ప్రకారం అక్క లేచి, చెయ్యి కడుక్కుని, అలమరలోంచి చుక్కల మందు తీసి చెల్లెలి తల వెనక్కి వాల్చబోయింది.

చెల్లెలు ఆ మందు అక్క చేతిలోంచి తీసుకుంది. లాక్కోలేదు, మెల్లిగానే తీసుకుంది. గోడకి తల ఆనించి పైకి పట్టుకుంది. మొదటి చుక్క చెంప గుంటలో పడింది. రెండోది ముక్కు మీద పడింది. అక్క ముందుకి వంగింది.

"వద్దు," అంది చెల్లెలు.

మూడోదీ తప్పింది. తుడుచుకుని, మోచెయ్యి మోకాలి మీద ఆనించుకుని, ఊపిరి బిగబట్టి మళ్ళీ నొక్కింది. ఈసారి చుక్క కంట్లోనే పడింది.

"ఇక నించి నేనే వేసుకుంటాను," అంది చెల్లెలు, మూత బిగిస్తూ.